ఆఖరి ఎడ్ల జత అమ్మేయాలా, ఉంచాలా?

గుండ్లకమ్మ_రైతు
మాది అద్దంకి దగ్గర పల్లె. ఏడెకరాల్లో నాలుగు శనగ, రెండు పొగాకు, మిగిలింది కంది. ఇంట్లో ఒంగోలు జాతి ఎడ్ల జత ఉంది. రెండూ ఎనిమిదేళ్ల లోపువే, పనికి వంక పెట్టలేం. ఒకప్పుడు మా వీధిలో ఇంటికో అరక ఉండేది, ఇప్పుడు ఊరు మొత్తానికి మాదొక్కటే. తమ్ముడు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా అమ్మేయమంటాడు. మా ఆవిడదీ అదే మాట. నాన్నకి డెబ్భై దాటాయి, ఆయన మాత్రం ససేమిరా అంటున్నాడు.

మాకు వరి లేదు కాబట్టి గడ్డి బయట కొనాలి, ధర ఏటేటా పెరుగుతోంది. దుక్కి ట్రాక్టర్‌తోనే దున్నిస్తున్నాం. ఏడాదిలో ఎడ్లకు నెలన్నర పని ఉంటే గొప్ప. మరి ఎందుకు ఉంచుకున్నావంటే నా దగ్గర సమాధానం లేదు. అమ్మితే బేరగాడు ఎక్కడికి తోలుకెళ్తాడో తెలుసు, ఆ టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. పెంచినవాళ్లు, అమ్మినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

లెక్కల_మాస్టారు
ఉన్నదున్నట్టు అన్నారు కాబట్టి లెక్క చెప్తాను. జతకు రోజుకు 12 నుంచి 15 కిలోల ఎండుమేత కావాలి. అంటే ఏడాదికి ఐదు టన్నులు. తవుడు, చెక్క, పచ్చిమేత దీనికి అదనం. మనిషి కష్టాన్ని సున్నా అనుకున్నా, నెలన్నర పనికి పన్నెండు నెలలు మేపుతున్నారు.

"ఎరువు వస్తుంది కదా" అంటారు, అదీ చూద్దాం. రెండు ఎడ్లు కలిపి రోజుకు 20, 25 కిలోల పచ్చి పేడ వేస్తాయి. దిబ్బలో మాగి, ఎండి, పొలానికి చేరేసరికి ఏడాదికి నాలుగు టన్నులు మిగిలితే ఎక్కువ. పశువుల ఎరువులో నత్రజని దాదాపు అర శాతం. నాలుగు టన్నులకు 20 కిలోల నత్రజని. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేదీ 20 కిలోల పైచిలుకే. ఏడాది పొడుగునా పేడ ఎత్తి మీరు సంపాదించింది నత్రజని లెక్కలో ఒక్క యూరియా బస్తా. దాని ధర 270 రూపాయల లోపు.

అమ్మేయండి.

బండలాగుడు_అభిమాని
మాస్టారూ, మీ లెక్కకి మా ఊరి ఎడ్లు కూడా బండ వదిలేసి కూర్చున్నాయి.

మట్టిపరీక్ష
లెక్కల_మాస్టారు చెప్పిన నత్రజని అంకె నిజమే. కానీ పశువుల ఎరువుని నత్రజనితో తూచడమేంటి? దిబ్బ ఎరువులో ముఖ్యమైంది సేంద్రియ కర్బనం. మట్టి పరీక్షలో అది 0.5 శాతం కంటే తక్కువుంటే "తక్కువ" అని రాస్తాం. నేను చేసిన పరీక్షల్లో ఆ మాట రాయాల్సి రాని పొలాలు చాలా కొద్ది. కర్బనం లేని నేల నీరు పట్టి ఉంచదు, వేసిన యూరియా కూడా నిలవదు. పొటాష్, జింక్, బోరాన్ లాంటివి ఎరువుతో కొంచెం కొంచెంగా తిరిగి నేలకు చేరతాయి. యూరియాలో నత్రజని తప్ప ఇంకోటి లేదు.

దేశంలో 1970 నుంచి దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాలు నడుస్తున్నాయి, మన జగిత్యాల కూడా ఒక కేంద్రం. ఏళ్ల తరబడి ఒకే మడిలో ఒకే రకం ఎరువు వేసి చూస్తారు. ఒక్క నత్రజనే వేసిన మడులు చతికిలబడ్డాయి. రసాయన ఎరువుతో పాటు పశువుల ఎరువూ వేసిన మడులు దిగుబడిని నిలబెట్టుకున్నాయి.

ఇక 270 రూపాయలంటారా, అది సబ్సిడీ పోను మనం కట్టేది. ప్రభుత్వం దాని మీద అంతకు ఎన్నో రెట్లు భరిస్తోంది.

లెక్కల_మాస్టారు
సరే, కర్బనం కావాలి. దానికి ఎద్దే ఎందుకు? గేదెను పెట్టుకోండి. పేడా వస్తుంది, పాలూ వస్తాయి. మన జిల్లాల్లో పాలకేంద్రాలకు పోసేది చాలావరకు గేదె పాలే.

కొట్టంలో_కోడలు
మీరందరూ టన్నుల్లో మాట్లాడుతున్నారు. ఆ పేడ ఎత్తేది ఎవరో ఒక్కరూ రాయలేదు.

పెళ్లై వచ్చిన కొత్తలో మా అత్తగారింట్లో రెండు ఎడ్లు, మూడు గేదెలు. తెల్లవారకముందే లేచి పేడ తీసి, కొట్టం ఊడ్చి, కుడితి కలిపి, గడ్డి వేసి, అప్పుడు ఇంట్లో పొయ్యి వెలిగించేదాన్ని. వానాకాలం కొట్టంలో చీలమండ దాకా బురద. ఆ బురదలో తిరిగి వేళ్ల సందులు పాసి, రాత్రిళ్లు పసుపు, నూనె రాసుకుని పడుకునేదాన్ని. పొలానికి తోలుకెళ్లే మగవాళ్లని చూసి "అబ్బ, ఏం అరక తోలతాడు" అని ఊరంతా మెచ్చుకునేది. కుడితి తొట్టి కడిగేవాళ్లని మెచ్చుకోవడం నేను చూడలేదు.

గుండ్లకమ్మ గారూ, మీ ఆవిడ అమ్మేయమంటోందని ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. ఎందుకంటోందో అడిగారా?

గుండ్లకమ్మ_రైతు
అడగలేదండి. ఇవాళ అడుగుతాను.

పాలమూరు_పత్తి
మా దిక్కు ఎడ్లు లేకుండా పత్తి చేను లేదు. దుక్కి ట్రాక్టర్ దున్నుతది, అంతవరకు ఒప్పుకుంటా. చేను మోకాలెత్తు పెరిగినంక సాళ్ల మధ్య కలుపు పోయేటట్టు గుంటుక కొట్టాలంటే ట్రాక్టర్ ఎట్ల పోతది? కొమ్మలు విరుగుతయ్. నల్లరేగడిలో వాన పడ్డాక పదును రెండు మూడు రోజులే ఉంటది, ఆ రెండు రోజుల్లో గుంటుక పడకపోతే గడ్డి చేనుని తినేస్తది. ఎడ్లు లేనోళ్లు కలుపు మందు కొడుతున్నరు, లేదంటే కూలీలకు పోస్తున్నరు. నాకు జత ఉంది కాబట్టి నా చేను అయినంక నలుగురి చేన్లల్ల కిరాయికి కొడుత. ఒక్క సీజన్‌ల మేత ఖర్చు ఎల్లుతది.

మీ ఎడ్లకు పని లేదంటున్నరు గానీ, పని ఉన్న ఊర్ల దాకా మీ ఎడ్లు పోలేదు, గంతే.

అనంత_వేరుశనగ
పాలమూరు అన్న చెప్పింది పత్తికి సరే. మా వేరుశనగ కథ వేరు. గొర్రుతో విత్తనం వేసే రోజుల్లో ఎద్దులు లేని ఇల్లు ఇల్లే కాదు. పదునులో అందరికీ ఒకేసారి ట్రాక్టర్ దొరకదు, సొంత ఎద్దులున్నోడు వాన పడిన మర్నాడే విత్తేవాడు. అదంతా నిజమే. కానీ కరువొచ్చిన ఏడు ఆ ఎద్దుల్నే ఏం చేసుకోవాలి? 2002 కరువులో మా నాయన సంతకు తోలుకుపోయినాడు. సంత నిండా ఎద్దులే, కొనేవాడు లేడు. ఎంతకో అంతకు తెగనమ్మి వచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు. మళ్లీ కొనలేదు.

నేను ఇప్పుడు పవర్ వీడర్‌తో కలుపు తీస్తా. అది పని చేసిన రోజే తాగుతుంది. ఎద్దు పండగరోజు కూడా తినాల. ఎండుగడ్డికే దిక్కులేని సీమలో అది చిన్న సంగతి కాదు.

మట్టిపరీక్ష
అనంత గారి చివరి మాట అసలు సంగతి. మేత ఎక్కడిది? ఒకప్పుడు ప్రకాశంలో జొన్న వేసేవాళ్లు. గింజ మనిషికి, చొప్ప పశువుకి. జొన్న పోయి శనగ వచ్చింది, మెట్ట భూముల్లో పొగాకు, సుబాబుల్, జామాయిల్ వచ్చాయి. ఏదీ ఎద్దు తినే చొప్ప కాదు. బీళ్లు, ఊరుమ్మడి మేతభూములు కరిగిపోయాయి. వరి ఉన్న ఊళ్లలో హార్వెస్టర్ కోసిన గడ్డి మళ్లల్లోనే చిందరవందరగా పడిపోతే చాలామంది తగలబెడుతున్నారు. ట్రాక్టర్ వచ్చి ఎద్దుని తరిమేసిందని అందరం అంటాం. నేనైతే మేత పంట పోవడమే ముందు అంటాను.

డెల్టా_వరి
తగలబెడుతున్నామన్నది నిజమే, కాదనను. తెనాలి వైపు ఇప్పుడు గడ్డి కట్టలు చుట్టే మిషన్లు వచ్చాయి కాబట్టి కొంత తగ్గింది. ఆ కట్టలే లారీలెక్కి మీ ప్రకాశం పోతున్నాయి. గుండ్లకమ్మ గారు కొనే గడ్డి మా పొలంలోదే అయ్యుంటుంది.

టెక్సాస్_తెలుగు
ఒంగోలు జాతి అనేసరికి రాయకుండా ఉండలేకపోయాను. నేనుండే చోట రోడ్డు పక్కన మూపురం ఉన్న పశువులు కనిపిస్తాయి, బ్రాహ్మన్ అంటారు. మన ఒంగోలు, గుజరాత్ వైపు జాతులు కలిపి తయారుచేసుకున్న జాతి అది. ఇక బ్రెజిల్ అయితే చెప్పనక్కర్లేదు. అక్కడ మన ఒంగోలు పేరు నెలోర్, మన నెల్లూరే. 19వ శతాబ్దంలోనే కొన్ని వెళ్లాయి. 1960ల మొదట్లో వెళ్లిన ఒక ఆబోతు పేరు కర్వాదీ, ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరు. ఇప్పటికీ వాళ్ల వంశావళి పుస్తకాల్లో ఆ పేరు గొప్పగా చెప్పుకుంటారు. ఈ మధ్య ఒక నెలోర్ ఆవుకి 40 కోట్ల రూపాయల దాకా విలువ కట్టారని వార్తలొచ్చాయి. పుట్టినిల్లు అద్దంకి పక్కన ఉంటే, మనం మోపు గడ్డి దగ్గర ఆగిపోయాం. ఉంచుకోండి సార్, ప్లీజ్.

నల్లమల_గాలి
టెక్సాస్ గారి ప్రేమ మంచిదే. కానీ బ్రెజిల్‌లో ఆ పశువుల్ని దేనికి పెంచుతున్నారో కూడా చెప్పాలి. 20 కోట్లకు పైగా పశువులు, ఎక్కువ మాంసానికే. అమెజాన్ అడవి నరికిన చోట ఎక్కువ భాగం పశువుల మేత బీళ్లుగానే మారింది. మన దగ్గర గడ్డిపరక తిని అరక లాగిన జాతి, అక్కడ అడవిని తినేసే వ్యాపారంలో భాగమైంది. జాతి ఒకటే, దాన్ని పెట్టుకున్న పద్ధతి వేరు. పశువు పర్యావరణానికి మంచిదా చెడ్డదా అని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది "ఎక్కడ, ఏం తిని?" అనే.

మా అమ్రాబాద్ వైపు పొడ తూర్పు గొడ్లున్నాయి. తెల్లటి ఒంటి మీద ఎర్రటి పొడలు, కాలిగిట్టలు గట్టివి, రాళ్లల్లో ఎక్కగలవు. ఈ మధ్యే వాటికి దేశీ జాతిగా గుర్తింపు వచ్చింది. మందలు అడవంచున మేస్తాయి, పంట కోశాక రైతులు పిలిచి తమ పొలాల్లో మంద కట్టించుకుంటారు. రాత్రంతా పేడ, మూత్రం అక్కడే పడతాయి. ఎత్తే పని లేదు, బండి కట్టే పని లేదు. కొట్టంలో కోడలు గారి బాధకి మా ఊళ్లో ఉన్న జవాబు అది.

పాలమూరు_పత్తి
నా ఎడ్లు గా తూర్పు గొడ్లే! కురుమూర్తి జాతరల కొన్న.

వాతావరణం_విద్యార్థి
అందరూ పేడ, మేత అంటున్నారు కాబట్టి మీథేన్ సంగతి నేను చెప్తాను. ఎద్దు పొట్టలోని సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టి మీథేన్ తయారుచేస్తాయి, అది ఎక్కువగా త్రేన్పుల్లో బయటికొస్తుంది. ఐపీసీసీ (ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం) 2006 మార్గదర్శకాల్లో భారత ఉపఖండపు పాడి ఆవుకి ఏడాదికి 58 కిలోలు, మిగతా పశువులకి 27 కిలోలు అని వేశారు. ఉత్తర అమెరికా పాడి ఆవుకైతే 120 పైనే.

ఇప్పుడు మీ జత తీసుకుందాం. 54 కిలోల మీథేన్. వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు వేడెక్కిస్తుంది, అంటే ఒకటిన్నర టన్ను. లీటరు డీజిల్ కాలిస్తే 2.7 కిలోలు వస్తుంది. మీ రెండు ఎడ్లు ఏడాదికి 560 లీటర్ల డీజిల్ కాల్చినట్టు. మీ ఏడెకరాలకి దుక్కులన్నీ కలిపినా ట్రాక్టర్ 150 లీటర్లకు మించి తాగదు. ఎడ్లతో సేద్యం వాతావరణానికి మంచిదనే మాట అంకెల్లో నిలబడదు.

లెక్కల_మాస్టారు
శభాష్.

మట్టిపరీక్ష
అంకెలు సరిగ్గానే వేశారు. ఒక్కటి కలపండి. మీథేన్ గాలిలో పన్నెండేళ్ల పాటు ఉండి విడిపోతుంది. ఎద్దు తిన్న గడ్డి గాలిలోంచి తీసుకున్న కర్బనమే తిరిగి గాలిలోకి పోతుంది. మంద పెరగకుండా ఉన్నంతకాలం కొత్తగా పోగుపడేది తక్కువ. డీజిల్ అలా కాదు, భూమి లోపల పడున్నదాన్ని తీసి కాలుస్తున్నాం, అది వందల ఏళ్లు గాలిలో ఉంటుంది. ఆ 560నీ 150నీ ఒకే తక్కెడలో పెట్టడం కుదరదు. పైగా ఎద్దు లేకపోతే ఆ గడ్డి ఎక్కడికి పోతుంది? డెల్టా_వరి గారు పైన చెప్పారుగా, నిప్పుకి.

వాతావరణం_విద్యార్థి
పన్నెండేళ్ల మాట ఒప్పుకుంటాను. కానీ అదే కారణంతో మీథేన్ తగ్గిస్తే ఫలితం మన జీవితకాలంలోనే కనిపిస్తుంది. అందుకే మేతలో మార్పు గురించి పరిశోధనలు జరుగుతున్నాయి. బెంగళూరులోని ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధనా మండలి) సంస్థ 2021లో హరిత్ ధార అనే మేత మిశ్రమం తెచ్చింది, మీథేన్ 17 నుంచి 20 శాతం తగ్గుతుందని చెప్పింది. మీ ఎడ్లు అమ్మేస్తే వాతావరణం బాగుపడుతుందని నేను అనట్లేదు. రెండు ఎడ్ల మీద ఆ భారం వేయడం అన్యాయం. అంకె తెలిసి నిర్ణయం తీసుకోమంటున్నాను.

తంగేడు_చెక్క
ఇప్పటిదాకా అందరూ బతికున్న పశువు గురించే రాశారు. చచ్చిన పశువు గురించి నేను రాస్తాను, అది మా ఇంటి కథ.

ఊళ్లో గొడ్డు చస్తే మా తాతకి కబురొచ్చేది. ఆయన, ఆయన అన్నదమ్ములు మోసుకెళ్లి తోలు తీసేవాళ్లు. లందలో, అంటే తోళ్లు ఊరేసే తొట్టిలో, తంగేడు చెక్క నీళ్లలో నానబెట్టి, గీకి, సాగదీసి తోలు తయారుచేసేవాళ్లు. ఆ తోలుతోనే ఊరందరికీ చెప్పులు, కాడికి వారులు, పెళ్లికీ చావుకీ కొట్టే డప్పు. కరెంటు మోటార్లు రాకముందు బావిలోంచి నీళ్లు తోడిన మోట కూడా ఆ తోలే. ఎద్దు బతికినన్నాళ్లూ మోట లాగింది, చచ్చాక మోట అయింది. ఆ నీళ్లతో పండిన పంట ఊరంతా తిన్నది. తోలు పని చేసిన చేతుల్ని మాత్రం బావి దగ్గరికి రానివ్వలేదు. ఎద్దు వ్యవసాయానికి వెన్నెముక అని చెప్పుకునే ప్రతిచోటా ఈ సంగతి కూడా చెప్పాలని నా పట్టుదల.

మా తరంలో ఎవరం ఆ పని చేయట్లేదు, చేయం కూడా. ఇప్పుడు గొడ్డు చస్తే ఊరి బయట గోతిలో పాతిపెడుతున్నారు, లేదా కాలవగట్టున పడేస్తున్నారు.

కొట్టంలో_కోడలు
తంగేడు_చెక్క గారూ, ఇది ఇక్కడ రాసినందుకు మీకు నమస్కారం. మా ఊళ్లోనూ ఇదే.

గ్రామ_వెటర్నరీ
కాలవగట్టున పడేసే సంగతికి ఒకటి కలుపుతాను. వెనకటికి రాబందులు గంటల్లో కళేబరాన్ని శుభ్రం చేసేవి. పశువులకు నొప్పికి వాడిన డైక్లోఫెనాక్ మందు కళేబరంలో మిగిలిపోయి, అది తిన్న రాబందుల కిడ్నీలు పాడై, కొద్ది ఏళ్లలోనే నూటికి తొంభై ఐదుకి పైగా పోయాయి. 2006లో పశువులకు ఆ మందు నిషేధించారు, 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా. నొప్పికి మెలోక్సికామ్ వాడితే రాబందులకు ముప్పు లేదు. మెడికల్ షాపులో మనుషుల డైక్లోఫెనాక్ కొని గొడ్డుకి పొడిపించే అలవాటు ఇంకా ఉంది, దయచేసి వద్దు. తెలంగాణలో బెజ్జూరు అడవిలో రాబందులు గూళ్లు పెట్టుకున్న కొండ ఉంది. ఇలా మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టే చోట్లే.

ఇక అసలు ప్రశ్నకి. 2019 పశుగణనలో దేశంలో ఆవుజాతి 19 కోట్ల పైన. 2012తో పోలిస్తే ఆడవి 18 శాతం పెరిగాయి, మగవి 30 శాతం తగ్గాయి. నేను రోజూ చూసేది ఇదే. జెర్సీ సంకరంలో పుట్టిన కోడెదూడకి మూపురం సరిగా ఉండదు, కాడి నిలవదు, ఎండకి రొప్పుతుంది. ఎవరికీ అక్కర్లేదు. పాలు కూడా సరిగా తాగనివ్వరు. ఆడదూడలే పుట్టేలా వేరుచేసిన వీర్యం ఇప్పుడు వస్తోంది, నూటికి తొంభై వంతులు పెయ్యలే. పాల రైతుకి మంచిదే. కానీ అరక కట్టదగ్గ మంచి ఒంగోలు కోడె రేపు ఎక్కడి నుంచి వస్తుంది? గుంటూరు లాం ఫారం, చదలవాడ కేంద్రం జాతిని కాపాడుతున్నాయి. అవి విత్తనం ఇవ్వగలవు, ఊళ్లో ఎద్దుకి పని ఇవ్వలేవు.

బేరగాడి భయం గురించి. ఆంధ్రలో 1977 చట్టం ప్రకారం పనికొచ్చే ఎద్దుని కోతకి పంపకూడదు, అది పనికిరాదని సర్టిఫికెట్ ఉండాలి. మీవి పని వయసులో ఉన్నాయి. సేద్యం చేసే మనిషికే నేరుగా అమ్మే వీలుంటే చూడండి.

తంగేడు_చెక్క
చట్టం మాట వచ్చింది కాబట్టి ఒకటి. ముసలి ఎద్దుని ఏం చేయాలో చెప్పకుండా అమ్మొద్దు అనడం తేలిక. పని అయిపోయాక కూడా ఐదారేళ్లు మేపే స్తోమత అందరికీ ఉండదు. ఊరి మీద వదిలేసిన గొడ్లు పక్కవాళ్ల చేలు మేస్తుంటే, రాత్రంతా కాపలా కాసేది చిన్న రైతులూ కౌలు రైతులే.

గుండ్లకమ్మ_రైతు
అన్నీ చదివాను, నాన్నకి కూడా చదివి వినిపించాను. తోలు తీసిన తాత గారి పోస్టు వింటూ ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మా చిన్నప్పుడు మోట కుట్టించుకున్న చేతులకి మేం మంచినీళ్లు దోసిట్లో పోశాం" అన్నాడు.

మా ఆవిడని అడిగాను. ఎడ్ల మీద ఆమెకి కోపం లేదు. కొట్టం నేల మట్టిది కావడం, మూత్రం అంతా అక్కడే నిలవడం, నడుం నొప్పితో ఒంగలేకపోవడం, ఇవీ ఆమె బాధలు. నేల గచ్చు చేయించి, ఉదయం పేడ నేను తీస్తే ఉంచుకోవడానికి తనకి అభ్యంతరం లేదంది. నాకు అడ్డం పడుతున్నది ఇంకోటి. నాన్న ఇక అరక తోలలేడు. నాకు వచ్చు గానీ అంత నేర్పుగా రాదు. కూలికి తోలే మనిషి దొరకడు.

పాలమూరు_పత్తి
గదే అసలు ముచ్చట. ఎడ్లు ఉన్నయ్, తోలెటోడు లేడు. మా ఊర్ల పాతికేళ్ల పోరగాడెవ్వడికీ సాలు తప్పకుండ గుంటుక పట్టరాదు.

పల్నాడు_మిర్చి
రెండు రోజుల నుంచి చదువుతూనే ఉన్నా. మాది నరసరావుపేట వైపు, మిర్చి, పత్తి. మిర్చి తోటలో అరక దున్నకం ఇప్పటికీ ఎడ్లతోనే, అరక కూలి విపరీతంగా పెరిగిపోయింది, డబ్బిచ్చినా సమయానికి దొరకదు. నాకు అరక తోలడం వచ్చు. మాకు వరి కూడా ఉంది కాబట్టి గడ్డికి కొరత లేదు. కిందటేడు నా ఎద్దు ఒకటి పాముకాటుకి పోయింది, మిగిలినదానికి జోడీ కుదరక అమ్మేశాను.

మీ జతని పాలికి ఇస్తారా? మేత నాది, పని నాది. మీకు ఏటా ఎరువు తోలిస్తాను. మీ కంది అంతరసేద్యానికి రెండు దఫాలు నేనే వచ్చి దున్ని వెళ్తాను. నాలుగైదేళ్ల తర్వాత అమ్మే పరిస్థితి వస్తే మీకు చెప్పకుండా అమ్మను. డబ్బు పెట్టి కొనమన్నా కొంటాను గానీ, మీ నాన్న గారు వచ్చి చూసుకునేలా ఉంటే బాగుంటుందని ఇలా అడుగుతున్నా.

లెక్కల_మాస్టారు
ఇది నా లెక్కకి కూడా సరిపోతుంది. మేత ఖర్చు పోయింది, ఎరువు మిగిలింది. ఒప్పుకోండి.

అనంత_వేరుశనగ
పాలికి ఇచ్చేటప్పుడు నోటి మాట వద్దు. మావాళ్లు ఇలాగే ఇచ్చి, ఎద్దు కాలు విరిగితే ఎవరిది నష్టమని పదేళ్లు మాట్లాడుకోలేదు. చస్తే ఎవరిది, జబ్బొస్తే మందుల ఖర్చు ఎవరిది, కాగితం మీద రాసుకోండి.

మట్టిపరీక్ష
ఎరువు కూడా "ఏటా తోలిస్తా" అని వదిలేయొద్దు. మాగిన ఎరువు ఎన్ని ట్రక్కులో రాయండి. దిబ్బ ఎండలో ఉంటే సగం బలం అక్కడే పోతుంది, చెట్టు నీడన గోతిలో వేయండి. పశువు బయటికి వదిలే నత్రజనిలో సగం దాకా మూత్రంలోనే ఉంటుంది. పల్నాడు గారూ, కొట్టంలో చిన్న కాలవ తీసి మూత్రాన్ని గోతిలోకి మళ్లించండి, లేదా కింద వరిగడ్డి పరచి తడిసినదాన్ని దిబ్బలో వేయండి. లెక్కల మాస్టారి ఒక్క యూరియా బస్తా అప్పుడు రెండవుతుంది.

గుండ్లకమ్మ_రైతు
పల్నాడు గారూ, మీకు మెసేజ్ పెట్టాను. నాన్న ముందు మీ కొట్టం చూడాలంటున్నాడు. ఎడమ వైపు కట్టే ఎద్దు కొత్తవాళ్లని దగ్గరికి రానివ్వదు, దాని గంగడోలు కింద గోకితే నిలబడిపోతుంది. వచ్చినప్పుడు నాన్నే చూపిస్తాడు. ఒంగోలు ఆవు పెయ్య ఒకటి కొని ఇంట్లో పెట్టుకుందామని మా ఆవిడే అంది, అందుకని గచ్చు పని మాత్రం ఆపట్లేదు. టీకాల గురించి వెటర్నరీ గారు ఒక మాట చెప్తారా?

గ్రామ_వెటర్నరీ
వేరే కొట్టానికి పంపే ముందు గాలికుంటు టీకా వేసి ఉందో లేదో చూడండి, ఆరు నెలలకోసారి ప్రభుత్వమే ఉచితంగా వేస్తుంది. వానల ముందు గొంతువాపు, జబ్బవాపు టీకాలు. లంపీ చర్మవ్యాధి టీకా కోసం కూడా అడగండి, 2022లో చాలా పశువులు దెబ్బతిన్నాయి. రెండింటి చెవులకీ 12 అంకెల గుర్తింపు పోగు (ట్యాగ్) ఉందేమో చూసుకుని, ఆ నంబర్లు మీ ఒప్పందం కాగితంలో రాయండి. లారీలో ఎక్కిస్తే కింద గడ్డి గానీ ఇసుక గానీ పరచండి, గిట్టలు జారకుండా. రెండింటినీ పక్కపక్కనే కట్టండి, ఒక్కదాన్ని విడిగా ఎక్కిస్తే బెదురుతుంది. అక్కడికి చేరాక మొదటి వారం మేత ఒక్కసారిగా మార్చొద్దు, మీ దగ్గర తినే మేతే రెండు మోపులు వెంట పంపండి.

పల్నాడు_మిర్చి
ఇసుక మా దగ్గరే ఉంది, ట్రక్కు నేనే తెస్తాను. రెండు మోపులు సరిపోతాయా, నాలుగు తీసుకోనా?

గ్రామ_వెటర్నరీ
నాలుగు తీసుకోండి.